పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెట్టండమ్మా

ప్రశ్న: అయ్యగారూ, ప్రభువు పేరట వందనాలు. మాది గోదావరి జిల్లాల్లో ఒక పల్లె. మావారు రైతు, సంఘపెద్ద. మాకు ఒక బాబు, ఒక పాప. బాబు సండే స్కూల్లో కంఠత వాక్యాలకి ప్రతి ఏడూ బహుమతి తెచ్చేవాడు. 16 ఏళ్ళకి బాప్తిస్మం తీసుకున్నాడు. ఇప్పుడు వాడికి 27. హైదరాబాదులో ఉద్యోగం. నాలుగేళ్ళుగా గుడి మొహం చూడలేదు, దేవుడే లేడంటున్నాడు. తాగుతున్నాడు. ఫోన్లో బెట్టింగులు ఆడి అప్పులపాలయ్యాడు. ఒకసారి నా గొలుసు తాకట్టు పెట్టి రెండు లక్షలు కట్టాం, మళ్ళీ అయ్యాయి. పోయిన క్రిస్మస్‌కి తాగి వచ్చాడని మావారు గుమ్మంలోంచే వెనక్కి పంపేశారు. అప్పట్నుంచి తండ్రీకొడుకులకి మాటల్లేవు. ఇప్పుడు పుణెలో ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంకా దూరమైపోతాడని, అది రాకూడదని ఉపవాసం ఉంటున్నాను. నాకు షుగరు. ఒక దైవజనుడు మా ఇంటి మీద శాపం ఉందనీ, 21 రోజులు ప్రార్థన పెట్టించి కానుక కట్టాలనీ అన్నాడు. చుట్టాలేమో పెళ్ళి చేస్తే వాడే బాగుపడతాడంటున్నారు. పాప నర్సింగ్ చదువుతోంది, ఎప్పుడూ అన్నయ్య గోలేనా అని విసుక్కుంటోంది. ‘బాలుడు నడువవలసిన త్రోవ’ అన్న వాక్యం చదివినప్పుడల్లా తప్పంతా మాదే అనిపిస్తుంది. దేవుడు నా ప్రార్థన వింటున్నాడా? వాడు తిరిగి రావడం చూడకుండానే నేను పోతానా? — ఒక తల్లి

సమాధానం:

అమ్మా,

ముందు ఆ సామెతల వాక్యం సంగతి చూద్దాం. అది మిమ్మల్ని నేరస్థురాలిగా నిలబెట్టినంతకాలం నేనేం చెప్పినా మీ చెవికెక్కదు. ‘బాలుడు నడువవలసిన త్రోవను వానికి నేర్పుము, వాడు పెద్దవాడైనప్పుడు దానినుండి తొలగిపోడు’ అన్నది సామెతలు 22:6. అదే గ్రంథం 10:4లో, కష్టపడే చేతికి సంపద వస్తుందని కూడా ఉంది. మీ ఊళ్ళో తెల్లారకుండా చేలో దిగి, ఒళ్ళు వంచి పనిచేసి, తుపానుకి పంట పోయి అప్పుల్లో ఉన్న కౌలు రైతుని మీరు ఎరుగుదురు. అతన్ని పట్టుకుని ‘నువ్వు సోమరివి, అందుకే పేదవాడివయ్యావు’ అంటారా? అనరు. సామెత లోకంలో మామూలుగా జరిగేదాన్ని చెబుతుంది. తల్లిదండ్రులకి దేవుడు రాసిచ్చిన పత్రంగా దాన్ని చదివితే ఇటువంటి బాధే మిగులుతుంది.

సమూయేలు ప్రవక్తని చూడండి. ముసలితనంలో జనం ముందు నిలబడి ‘నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా?’ అని అడిగితే, లేదని ఇశ్రాయేలు అంతా సాక్ష్యం చెప్పింది. అంతటివాడి కొడుకులు లంచాలు తిన్నారు, తీర్పులు తారుమారు చేశారు. అందుకు సమూయేలుని తప్పుపట్టిన మాట ఎక్కడా లేదు. యెషయా గ్రంథం మొదటి అధ్యాయం తెరిస్తే, రెండో వచనంలోనే దేవుడు తన బాధ చెప్పుకుంటాడు: ‘నేను పిల్లలను పెంచి గొప్పవారినిగా చేసితిని, వారు నామీద తిరుగబడియున్నారు.’ ఆయన పెంపకంలో లోపం ఉందని ఏ నోటితో అంటాం? పిల్లలు తిరగబడిన తండ్రి ఎలా ఏడుస్తాడో ఆయనకి తెలుసు. మీరు మోకరించేది ఆ తండ్రి దగ్గరే. మీరు ఎక్కడో ఏదో పొరపాటు చేసే ఉంటారు, ఏ తల్లి చెయ్యలేదు గనక? అది ఆయన దగ్గర ఒప్పుకోండి, ఒక్కసారి. రోజూ ఒప్పుకోవాల్సిన పని లేదు.

ఇప్పుడు మీకొక తల్లి సంగతి చెప్పాలి. కథోలిక సంఘాల్లో పునీత మోనికమ్మ అంటే చాలామందికి తెలుసు, ఆగస్టు 27న ఆమె పండుగ చేస్తారు. మన సంఘాల్లో ఆ పేరు అంతగా వినపడదు, అది మనకే నష్టం. ఉత్తర ఆఫ్రికాలో తగాస్తే అనే ఊరు ఆమెది, ఇప్పటి అల్జీరియా దేశంలో ఉంది. 354లో ఆమెకి అగస్టీను పుట్టాడు. తర్వాతి కాలంలో సంఘానికి అంత పెద్ద బోధకుడు ఇంకొకరు దొరకడం కష్టం. కానీ పంతొమ్మిదేళ్ళు వచ్చేసరికి అతను చేసిందేమిటి? కార్తేజుకి చదువుకి వెళ్ళి, పెళ్ళి లేకుండా ఒకామెతో ఉండి, ఒక బిడ్డని కన్నాడు. మానీ అనే అతను పెట్టిన వేరే మతంలో, మానీ మతంలో చేరి, అమ్మ నమ్మకాన్ని వెక్కిరించాడు. ఇదంతా అగస్టీను తర్వాత తన చేత్తో తానే రాసుకున్నాడు.

కొడుకు దూషణలు విని మోనికా తట్టుకోలేకపోయింది. తన ఇంట్లో ఉండటానికీ, తనతో కలిసి భోజనం చెయ్యటానికీ వీల్లేదనుకుంది. మీవారు గుమ్మంలో చేసింది కొత్తదేమీ కాదు. అప్పుడామెకి ఒక కల వచ్చింది. తానొక చెక్క కొలబద్ద మీద నిలబడి ఏడుస్తోంది. వెలుగుతున్న ముఖంతో ఒక యువకుడు వచ్చి, ఎందుకు ఏడుస్తున్నావని అడిగాడు. నా కొడుకు నాశనమైపోయాడు అంది. ‘చూడు, నువ్వెక్కడున్నావో అతనూ అక్కడే ఉన్నాడు’ అన్నాడతను. చూస్తే, అదే కొలబద్ద మీద కొడుకు పక్కనే ఉన్నాడు. ఈ కల చెబితే అగస్టీను తెలివిగా, ‘అంటే నువ్వే ఎప్పటికో నా దారికొస్తావు’ అన్నాడు. ఆమె తడుముకోకుండా, ‘కాదు, అతనున్న చోట నువ్వుంటావని నాతో అనలేదు, నువ్వున్న చోట అతనుంటాడని అన్నాడు’ అంది. కలకన్నా ఆ జవాబే తనని ఎక్కువ కదిలించిందని అగస్టీను రాశాడు.

నేను మీకు ముఖ్యంగా చూపించాలనుకున్నది దీని తర్వాతి సంగతి. ఆ కల వచ్చాక మోనికా కొడుకుని ఇంట్లోకి రానిచ్చింది, తనతో పాటు కూర్చుని తిననిచ్చింది. అప్పటికి అతనిలో ఏ మార్పూ లేదు. ఆ తర్వాత కూడా దాదాపు తొమ్మిదేళ్ళు అదే బురదలో పొర్లానని అతనే రాశాడు. అంటే కొడుకు మారకముందే తల్లి మారింది. ఆశ లేనప్పుడు అతని మొహం చూడలేకపోయింది. ఆశ పుట్టాక, దూషించే నోటికే అన్నం పెట్టగలిగింది. నిరీక్షణ అంటే కళ్ళు మూసుకుని చేసే ప్రార్థన ఒక్కటే అనుకుంటాం. వంటింట్లోనూ దానికి పనుంది.

మీ ఇంటికొద్దాం. మీరు రోజూ పొద్దున్నే అబ్బాయికి వాక్యం పంపుతుంటారని నా ఊహ, పంపని తల్లిని నేనింకా చూడలేదు. పువ్వుల బొమ్మ మీద వాక్యం, కింద రెండు చేతులు జోడించిన గుర్తు. అతను చదవడం మానేసి చాలా రోజులై ఉంటుంది. కొన్నాళ్ళు ఆపండి. కంఠత వాక్యాలకి బహుమతులు తెచ్చుకున్న కుర్రాడమ్మా, అతనికి తెలియని వాక్యం మీరు పంపేదేముంది? బదులుగా ఇంటి సంగతి పంపండి. ఆవకాయ కలిపాను, నీ సీసా వేరే తీసి పెట్టాను అని. నాన్న మోకాలి నొప్పి తగ్గింది అని. తిన్నావా అని. జవాబు రాకపోతే, ఎందుకు రాయలేదని అడక్కుండా రెండ్రోజులాగి ఇంకో ముక్క పంపండి.

అతను ఇంటికొస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. రాత్రి కుటుంబ ప్రార్థన మానొద్దు, మీ ఇంటి పద్ధతి అది. కానీ ఆ ప్రార్థన దేవుడితో చెయ్యండి, కొడుకుతో కాదు. కళ్ళు మూసుకుని ‘ప్రభువా, ఈ ఇంట్లో తాగుడు దయ్యాన్ని బంధించు, తల్లిదండ్రుల కన్నీళ్ళు చూడలేని బిడ్డలకి బుద్ధి ఇవ్వు’ అని గంటసేపు సాగదీస్తే, అది దేవుడికి చెప్పినట్టే ఉంటుంది గానీ పక్కన కూర్చున్న కుర్రాడి వీపు మీద పడుతుంది. ఎన్నో ఇళ్ళలో పిల్లలు ఈ ప్రార్థనలకి భయపడే పండక్కి రావడం మానేశారు. ఒక పాట, ఒక కీర్తన, అందరి పేర్లతో పాటు అతని పేరు, ఆమేన్. అతను కూర్చోకపోయినా ఏమీ అనొద్దు. ఆ రాత్రే అయ్యగారిని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టొద్దు. డిసెంబరులో వస్తే స్టార్ కట్టడానికి నిచ్చెనెక్కమనండి. ఆ ఇంట్లో తనకి ఇంకా పని ఉందని తెలియాలి.

దేవుడు లేడన్న మాట గురించి. మోనికా ఒక బిషపు దగ్గరికెళ్ళి, మా అబ్బాయితో వాదించి ఒప్పించండి అని బతిమాలింది. ఆయన కూడా చిన్నప్పుడు ఆ మానీ మతంలోనే పెరిగి బయటికొచ్చినవాడు. ‘ఇప్పుడు చెప్పినా వినడు, అలా వదిలెయ్యండి, ప్రార్థన మాత్రం చెయ్యండి, చదివి చదివి తనే తప్పు తెలుసుకుంటాడు’ అన్నాడు. ఆమె ఊరుకోకుండా ఏడుస్తూ ప్రాధేయపడితే కాస్త విసిగి, ‘వెళ్ళమ్మా, ఇన్ని కన్నీళ్ళ కొడుకు నశించడం జరగదు’ అన్నాడు. ప్రసంగాల్లో ఈ రెండో మాటే చెబుతుంటారు. నాకు మొదటిది కూడా అంతే విలువైనదిగా కనిపిస్తుంది. ఆయన మోనికాకి వాదన నేర్పలేదు. మీరూ వాదించకండి. ఒక్కసారి మాత్రం, తీరిగ్గా ఉన్నప్పుడు, ‘గుడిలో ఏదైనా చూసి మనసు విరిగిందా నాన్నా?’ అని అడగండి. డబ్బు లెక్కల గొడవో, కులం మాటో, ఎవరైనా పెద్దమనిషి ప్రవర్తనో ఉండొచ్చు. ఏది చెప్పినా సంఘాన్ని వెనకేసుకు రాకుండా వినండి. జవాబు తెలియని ప్రశ్న వేస్తే నాకు తెలియదు నాన్నా అనండి. దేవుడి పరువు మీ జవాబు మీద ఆధారపడి లేదు.

పుణె ఉద్యోగం రాకూడదని ఉపవాసమా? ఇక్కడ మోనికా జీవితంలో ఒక రాత్రి అచ్చం మీ సంగతే. 383లో అగస్టీను రోముకి వెళ్ళాలనుకున్నాడు. సముద్రం దాటితే కొడుకు ఇక దక్కడని ఆమె కార్తేజు రేవు దాకా వెంటపడింది. వెళ్తే నేనూ వస్తానంది. అతను అబద్ధమాడాడు, స్నేహితుణ్ణి ఓడ ఎక్కించడానికే వచ్చానన్నాడు. రేవు పక్కనే హతసాక్షి సిప్రియాను పేరిట కట్టిన చిన్న మందిరంలో ఆమె ఆ రాత్రంతా ‘నా కొడుకుని వెళ్ళనివ్వకు దేవా’ అని ఏడ్చింది. తెల్లారేసరికి ఓడ వెళ్ళిపోయింది. ఆ ఉదయం ఆమె ఒడ్డున నిలబడి దేవుడు వినలేదనే అనుకుని ఉంటుంది.

ఆ ఓడే అతన్ని రోముకి చేర్చింది. రోము నుంచి మరుసటి ఏడు మిలానులో ఉపాధ్యాయ ఉద్యోగం వచ్చింది. మిలానులో అంబ్రోసు అనే బిషపు ఉన్నాడు. మొదట ఆయన మాట్లాడే తీరు బావుందని వినడానికెళ్ళిన అగస్టీను, మెల్లగా ఆయన చెప్పే విషయం వినసాగాడు. 386లో ఒక తోటలో, రోమా పత్రిక 13వ అధ్యాయం చదువుతూ ప్రభువుకి లొంగిపోయాడు. 387 ఈస్టరు పండుగకి అంబ్రోసు చేతుల మీదే బాప్తిస్మం తీసుకున్నాడు. అప్పటికి వయసు 32. అమ్మ ఆ రాత్రి అడిగింది దేవుడు ఇవ్వలేదు, ఆమె ఎప్పుడూ అడుగుతున్నది ఇవ్వడం కోసమే ఇవ్వలేదు అని కొడుకే రాశాడు. కాబట్టి ఉద్యోగం సంగతి దేవుడికి వదిలెయ్యండి. పుణె మీకు దూరం గానీ ఆయనకి కాదు. ఆ ఊళ్ళో అబ్బాయికి ఎవరెవరు ఎదురవుతారో వాళ్ళ కోసం ఇప్పట్నుంచే ప్రార్థించండి. రూములో పక్క మంచం కుర్రాడు, ఆఫీసులో టీ తాగే స్నేహితుడు, ఎవరో తెలియని ఒక విశ్వాసి. తోటలో అగస్టీను లొంగిపోయినప్పుడు మోనికా పక్కన లేదు. ఎవరో పిల్లల గొంతు, ఒక స్నేహితుడు, పౌలు రాసిన రెండు వచనాలు, వీటితోనే దేవుడు పని ముగించాడు. కాకపోతే అగస్టీను లేచి నేరుగా అమ్మ దగ్గరికే వెళ్ళి చెప్పాడు.

పెళ్ళి చేస్తే బాగుపడతాడన్న మాట మీరు నమ్మకండి. ఇందులో మోనికా కూడా పొరబడిందనే నేననుకుంటాను. మిలానులో కొడుక్కి మంచి సంబంధం చూసింది, పెళ్ళయితే బాప్తిస్మం వైపు వస్తాడని ఆశపడింది. ఆ పెళ్ళికి అడ్డమని, ఏళ్ళ తరబడి అతనితో కాపురం చేసి బిడ్డని కన్నామెని ఆఫ్రికాకి పంపేశారు. ఆమె బిడ్డని వదిలి వెళ్ళిపోయింది. మాట్లాడిన పిల్లకి పెళ్ళీడు రావడానికి ఇంకా రెండేళ్ళుంది, ఆ లోపల అగస్టీను ఇంకో స్త్రీని చేరదీశాడు. చివరికి ఆ పెళ్ళి జరగనే లేదు. కన్నీటి ప్రార్థనలు చేసిన తల్లి కూడా తొందరపడి వేసిన పథకాల్లో ఇంకొకరికి గాయం చేయగలదు. తాగుడూ జూదమూ ఉన్న కుర్రాడికి ఎవరో ఇంటి ఆడపిల్లని మందుగా ఇవ్వడం పాపం. మీ పాపకి అలాంటి సంబంధం వస్తే ఒప్పుకుంటారా? చుట్టాలకి ఆ మాటే చెప్పండి.

డబ్బు విషయం గట్టిగా చెప్పాలి. ఇక మీరు అప్పు కట్టొద్దు. పొలం అమ్మొద్దు, రెండో గొలుసు తియ్యొద్దు. మీరు కట్టిన రెండు లక్షలు అప్పు తీర్చాయి గానీ ఆటని ఆపలేదు. మీరు జామీను సంతకం పెట్టకపోతే, వయసొచ్చిన కొడుకు సొంతంగా చేసిన అప్పు మీ మీద పడదు. లోన్ యాప్ వాళ్ళు మీకు ఫోన్ చేసి బెదిరించినా, ఫొటోలు పంపుతామన్నా భయపడి డబ్బు వెయ్యొద్దు. పోలీసులకి చెప్పండి, 1930 నంబరుకి ఫోన్ చెయ్యండి. లూకా 15లో దూరదేశం వెళ్ళిన కుర్రాడికి బుద్ధి వచ్చింది పందుల పొట్టు దగ్గరే, అప్పుడు అతనికి ఎవరూ ఏమీ ఇవ్వలేదని ప్రభువే చెప్పాడు. అయితే డబ్బు ఇవ్వకపోవడం, మనిషిని వదిలెయ్యడం ఒకటి కావు. అబ్బాయితో మీ మాట ఇలా ఉండాలి: ‘రూపాయి ఇవ్వను నాన్నా. ఇంటికి రా, ఎవరికెంతో ఇద్దరం కూర్చుని కాగితం మీద రాద్దాం, తీర్చే దారి వెతుకుదాం.’

ఇంకో మాట, ఇది అన్నిటికన్నా అవసరం. అప్పుల్లో మునిగిన కుర్రాళ్ళు ఒక్కోసారి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు. ‘నేనుండి ఏం లాభం’ అన్నాడంటే, ఫోన్లు ఎత్తడం ఒక్కసారిగా మానేశాడంటే, ప్రార్థన చేస్తూనే వెంటనే మనిషిని పంపండి, లేదా మీరే బస్సెక్కండి. 14416 టెలిమానస్ నంబరు, ఏ వేళ చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. తాగుడూ జూదమూ పాపాలే, అవి జబ్బులు కూడా. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తే విశ్వాసం తగ్గిందని ఎవరైనా అంటే పట్టించుకోకండి. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ముప్పు కావచ్చు. అందుకే మానడం కూడా డాక్టరు చేతుల మీదుగా జరగాలి. 14446 నంబరుకి చేస్తే మత్తు మాన్పించే కేంద్రాల వివరాలు చెబుతారు.

ఆ శాపం మాట చెప్పిన వ్యక్తి గడప తొక్కకండి. క్రీస్తు మనకోసం శాపమై మనల్ని శాపం నుంచి విడిపించాడని గలతీ 3:13లో ఉంది. ఆయన సిలువ మీద కట్టిన వెల చాలదన్నట్టు మీ దగ్గర ఇంకో కానుక అడుగుతున్నారంటే అది సువార్త కాదు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి, ఎవరు పాపం చేశారు, వీడా, వీడి కన్నవాళ్ళా అని శిష్యులు అడిగితే, వీడూ కాదు, వీడి కన్నవాళ్ళూ కాదు అన్నాడు ప్రభువు. దేవుడి వరాన్ని డబ్బిచ్చి కొనబోయిన సీమోనుకి పేతురు ఏం చెప్పాడో అపొస్తలుల కార్యములు 8లో మీవారితో కలిసి చదవండి. ఏడుస్తున్న తల్లి చేతిలోంచి డబ్బు తీసుకునేవాళ్ళని తలుచుకుంటే నాకు నిజంగా కోపం వస్తుంది.

షుగరు మాత్రలు వేసుకుంటూ పూటల తరబడి కడుపు మాడ్చుకోకండి. షుగరు పడిపోతే మనిషే పడిపోతుంది. డాక్టరుని అడగకుండా ఇక ఒక్క పూట కూడా ఉపవాసం వద్దు. తింటూ చేసే ప్రార్థన దేవుడికి తక్కువగా వినపడదు. మీకు అలవాటైన ఆ గంట అలాగే ఉంచండి, భోజనం చేశాక కూర్చోండి. ఏం అడగాలో తోచకపోతే లూకా 22లో ప్రభువు పేతురు కోసం చేసిన ప్రార్థన చెయ్యండి. పేతురు తనని ఎరగనంటాడని ఆయనకి ముందే తెలుసు. అయినా పడిపోకుండా చూడమని అడిగినట్టు అక్కడ లేదు, ‘నీ నమ్మిక తప్పిపోకుండునట్లు’ వేడుకున్నానన్నాడు. తిరిగొస్తాడనే నమ్మకంతో, వచ్చాక చెయ్యాల్సిన పని కూడా అప్పుడే అప్పగించాడు, నీ సహోదరులని స్థిరపరచు అని. మీ అబ్బాయి కోసం అదే అడగండి. చిన్నప్పుడు నాటుకున్నది పూర్తిగా చచ్చిపోకుండా ఉండాలని. ఆదివారం కూటంలో ప్రార్థన విన్నపం చెప్పేటప్పుడు మాత్రం తాగుడు, అప్పులు, ఎంతెంత అన్న వివరాలేవీ చెప్పకండి. మా బాబు కోసం ప్రార్థించండి అంటే చాలు. వాట్సాప్ గుంపులో పెట్టిన మాట సాయంత్రానికి హైదరాబాదు చేరుతుంది. రేపు తిరిగి రావాలనుకున్నవాడికి ఊరంతటి కళ్ళే అడ్డమవుతాయి. వివరాలు చెప్పుకోవడానికి నమ్మకమున్న ఒక్క మనిషిని ఎంచుకోండి.

పాప విసుగు న్యాయమైనది. లూకా 15లో తండ్రి రెండుసార్లు ఇల్లు వదిలి బయటికొచ్చాడు, ఒకసారి తిరిగొస్తున్న చిన్నవాడి కోసం, రెండోసారి అలిగిన పెద్దవాడి కోసం. తప్పు చెయ్యకుండా ఇంట్లో ఉన్న బిడ్డ కూడా అమ్మ కోసం ఎదురు చూస్తుంది. ఆమెకి ఫోన్ చేసినప్పుడు అన్నయ్య మాట ఎత్తకండి. డ్యూటీలు ఎలా ఉన్నాయి, హాస్టలు తిండి ఎలా ఉంది, పరీక్షలెప్పుడు అని అడగండి. ఆమె కోసం విడిగా ప్రార్థించండి, చేస్తున్నానని చెప్పండి.

మీ ప్రశ్నల్లో బరువైనది చూడకుండానే పోతానా అన్నది. మోనికా చూసింది. బాప్తిస్మం అయిన కొన్ని నెలలకే, ఇంటికి తిరిగి వెళ్తూ ఓస్తియా అనే రేవు ఊళ్ళో, 56 ఏళ్ళ వయసులో కన్నుమూసింది. మీరూ చూస్తారని నేను మాట ఇవ్వలేను, ఫలానా ఏడాదికల్లా వస్తాడని చెప్పేవాళ్ళని నమ్మకండి. దావీదు రాజు కొడుకు అబ్షాలోము తిరిగి రాకుండానే పోయాడు, ఆ తండ్రి ఏడుపు మన బైబిల్లో ఉంది. హెబ్రీ 11లో విశ్వాసవీరులని పేరుపడ్డవాళ్ళే వాగ్దానాన్ని దూరం నుంచి చూసి వందనం చేసి వెళ్ళిపోయారు. కానీ ఇంకో సంగతి నేను తరచూ ఆలోచిస్తుంటాను. ప్రభువు పక్కన సిలువ మీద వేలాడిన దొంగకీ ఒక తల్లి ఉండి ఉంటుంది. ఆమె అప్పటికి బతికి ఉంటే, కొడుకు దొంగగానే చచ్చాడని ఊరు ఆమెతో చెప్పి ఉంటుంది. ఆఖరి గడియల్లో ఆ ఇద్దరి మధ్య నడిచిన మాట ఆమె దాకా వచ్చిందో లేదో మనకి రాయబడలేదు. మీ చూపు అందని చోట మీ అబ్బాయికీ దేవుడికీ మధ్య ఏం జరుగుతుందో మీకు చెప్పే బాధ్యత ఆయన తీసుకోలేదు. కానీ వాడింకా దూరంగా ఉండగానే తండ్రి చూశాడు, కనికరపడ్డాడు, పరుగెత్తాడు అని చెప్పింది ఆ తండ్రిని ఎరిగిన కుమారుడే. నా నిరీక్షణంతా ఆ పరుగెత్తే తండ్రి మీదే, మీ ప్రార్థనల లెక్క మీద కాదు.

ఇక మీవారితో. ఇది ఆయనకి చదివి వినిపించండి. అయ్యా, తన ఇంటివాళ్ళని సరిగా ఏలుకునేవాడే పెద్దగా ఉండాలన్న 1 తిమోతి 3వ అధ్యాయం మిమ్మల్ని లోలోపల తినేస్తోందని నాకు తెలుస్తోంది. నాకర్థమైనంతలో ఆ మాట ఇంట్లో మీ చేతి కింద పెరిగే పిల్లల గురించి. 27 ఏళ్ళవాడు దేవుడి ముందు తన లెక్క తానే చెప్పుకోవాలి. సంఘం ఎదుట తలవంపులనే బాధతో గుమ్మం మూసుకుపోకూడదు. తాగి గొడవ చేస్తే ఆ పూట పడుకోబెట్టి, తెల్లారాక మాట్లాడండి. చెయ్యి ఎత్తితే, ఇంట్లో ఆడవాళ్ళకి భయమేస్తే బయటికి పంపాల్సిందే, అందులో తప్పు లేదు. కానీ మీ మౌనం ఆ ఒక్క రాత్రితో ఆగలేదు. దావీదు అబ్షాలోముని యెరూషలేముకి రప్పించాడు గానీ, నా మొహం చూడకూడదని రెండేళ్ళు దూరంగా ఉంచాడు. చివరికి ముద్దు పెట్టుకున్నాడు, కానీ ఆ రెండేళ్ళలో కొడుకు మనసు ఎటు తిరిగిందో తర్వాతి అధ్యాయం చెబుతుంది, తండ్రి మీదే తిరగబడ్డాడు. ఈసారి ఫోన్ అమ్మ చెయ్యకూడదు, మీరే చెయ్యాలి. తాగుడు గురించీ క్రిస్మస్ గురించీ ఆ ఫోన్లో ఏమీ వద్దు, షరతులూ వద్దు. పుణె ఎప్పుడు వెళ్తున్నావు, హైదరాబాదులో రూము ఖాళీ చెయ్యడానికి నేను రానా అని అడగండి.